నిచ్చెన గుర్తు

దసరా సెలవులు ముగిసి బడి తెరచిన మొదటి సోమవారమున మేము తొమ్మిదవ తరగతి గదిలో అడుగిడునప్పటికి నల్లబల్లమీద మా రూపమే మాకు ఎదురుపడెను. చేత గొడుగు, చంకలో హాజరుపట్టీ, ముక్కు కొనకు జారిన కండ్లజోడు, దాని మీదుగా లోకమును అనుమానముతో చూచుచున్న రెండు కన్నులు. గొడుగు మాకంటె పొడుగుగా నుండెను. ముక్కు ఆ గొడుగుకంటె కొంచెమే పొట్టి. తరగతి అంతయు ఊపిరి బిగబట్టి కూర్చుండెను. నలుబదిమంది పిల్లలలో ఒక్కరును తల యెత్తలేదు.

మేము డస్టరు చేతికి తీసికొంటిమి. చేయి బల్లవరకు పోయి నిలిచిపోయెను. ఒక నిమిషము ఆ బొమ్మను చూచి, డస్టరును యథాస్థానమున నుంచి, బల్లలో మిగిలిన సగమునందే ఆనాటి పాఠము గీచి చెప్పితిమి. గంట కొట్టువరకు ఆ బొమ్మ మా ప్రక్కనే నిలుచుండెను.

పిమ్మట ఉపాధ్యాయుల గదిలో మిత్రులొకరు ఈ సంగతి విని, "ఇంత అలుసిచ్చినచో రేపు నెత్తికెక్కెదరు సుమా!" అని మందలించిరి. ఆ మాటకు తగిన సమాధానము అప్పుడు మాకు తోచలేదు. ఈ వార్షిక సంచికకు ఏదైన వ్రాసి యిమ్మని సంపాదకులు కోరగా, ఆ సమాధానమునే వ్రాయుదమని తలంచితిమి. అందులకు రెండు కథలు చెప్పవలసియున్నది. మొదటిది మాది, చిన్నది, చెప్పుకొనుటకు సిగ్గైనది. రెండవది ఇటలీ దేశపు వ్యంగ్యచిత్రకారుడొకనిది.

మా బాల్యము వేరొక యూర గడచెను. అచ్చటి పాఠశాలలో మా బల్లమీదనే కూర్చుండు సహపాఠి యొకడుండెడివాడు. తండ్రి వసతిగృహమున వంటపని చేయుచుండెను. ఆ బాలునికి బడికి తొడుగుకొని వచ్చుటకు ఒకే చొక్కా. అదియు అన్నగారిది, మోకాళ్లవరకు దిగెడిది. మాకు అప్పటికే బొమ్మలు వేయుటలో కొంత పేరుండెను. ఒకనాటి మధ్యాహ్నము లెక్కల తరగతిలో మేము ఒక చొక్కా బొమ్మ వేసితిమి. చొక్కాకు క్రింద రెండు పాదములు, చేతిలో పలక. తల లేదు, మనిషి లేడు. చొక్కాయే నడచి బడికి వచ్చుచున్నది. కాగితము బల్లల క్రిందుగా చేతులు మారెను. అందరును నోటికి గుడ్డ లడ్డుపెట్టుకొని నవ్విరి. చివరకు అది ఆ బాలునిచేతికి వచ్చెను. వాడును నవ్వెను.

మరునాడు వాడు బడికి రాలేదు. నాలుగు దినములు రాలేదు. అయిదవనాడు తండ్రి, పని మధ్యలో వచ్చినవాడు కాబోలు, చేతులు తువాలున తుడుచుకొనుచు వాకిట నిలిచి ఉపాధ్యాయునితో ఇట్లనెను: "అయ్యా, మావాడు బడికని బయలుదేరి చెరువుగట్టున కూర్చుంటున్నాడు. కొట్టినా చెప్పడు, బతిమాలినా చెప్పడు. మీకేమైనా తెలుసునా?"

ఉపాధ్యాయుడు మావైపు తిరిగి, "మీలో ఎవరికైన తెలియునా?" అని యడిగెను. ఎవ్వరును పలుకలేదు. బొమ్మక్రింద పేరు లేదు గదా! మేమును పలుకలేదు.

మరుసటి వారమున వాడు మరల వచ్చెను. చొక్కా నడుమువరకు కత్తిరించి అంచు కుట్టబడియుండెను. మా ప్రక్కనే కూర్చుండెను. బొమ్మ మాట వాడెన్నడును ఎత్తలేదు, మేమును ఎత్తలేదు. ఆ సంవత్సరాంతమున ఆ కుటుంబము ఊరు విడిచిపోయెను. అటుపిమ్మట వానిని మేము చూచియుండలేదు.

నాటినుండి మేము మనుష్యుల ముఖములు గీయుట మానితిమి. కుండలు గీచితిమి, ఆకులు గీచితిమి, దూరపు కొండలు గీచితిమి. నవ్వించు బొమ్మలన్నియు పాపములే యని మనసున స్థిరపరచుకొంటిమి. ఆ కుండలతోను ఆకులతోను పరీక్షలు గడచి డ్రాయింగు మాస్టరు ఉద్యోగము సంపాదించితిమి.

ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న కాలమున, కళాశాల గ్రంథాలయమందు ఐరోపా చరిత్రపుస్తక మొకటి త్రిప్పుచుండగా, అందలి వ్యంగ్యచిత్రము మా కంటబడెను. నల్లని బలమైన గీత, మాటలు బహుకొద్ది. మూలను సంతకముండవలసినచోట చిన్న నిచ్చెన బొమ్మ, దాని ప్రక్క నాలుగు ఆంగ్లలిపి అక్షరములు ఉండెను. మొదట అది చిత్రములోని భాగమనుకొంటిమి. మరియొక పుటలోని చిత్రమునందును అదే నిచ్చెన, అవే అక్షరములు. తెలిసినవారి నడుగగా గుట్టు తేలెను. ఇటలీ భాషలో 'స్కాలా' అనగా నిచ్చెన. నిచ్చెన బొమ్మను 'స్కాలా' అని చదివి, ప్రక్కనున్న 'రీని' అను అక్షరములను చేర్చినచో చిత్రకారుని యింటిపేరు వచ్చును: స్కలారీని. తన పేరునే పొడుపుకథగా మార్చుకొన్న ఆ మనిషి ఎవరోయని ఆనాడు పుట్టిన కుతూహలము నేటికిని మమ్ము విడువలేదు.

జుసెప్పె స్కలారీని 1873వ సంవత్సరమున ఉత్తర ఇటలీలోని మాంటువా పట్టణమున జన్మించెను. లాటిను మహాకవి వర్జిలు పుట్టిన సీమ యది. 1896లో, అనగా ఇరువదిమూడేండ్ల ప్రాయమున, ఆయన తన యూరనే 'మెర్లిన్ కొకాయి' అను హాస్యపత్రికను స్థాపించెను. అది 16వ శతాబ్దిలో ఆ ప్రాంతమున వెలసిన తెయోఫిలో ఫొలెంగో అను కవి పెట్టుకొన్న మారుపేరు. ఫొలెంగో లాటినునందు పల్లెమాటలు కలిపి పండితులను నవ్వించినవాడు. తన పత్రికకు అట్టి పేరు ఎన్నుకొనుటలోనే మన చిత్రకారుని దృష్టి యెటు తిరిగియున్నదో తెలియుచున్నది.

ఆ దినములు ఇటలీలో సామాన్యునికి కష్టకాలము. 1898లో రొట్టె ధర పెరుగగా పట్టణములలో జనము వీధుల కెక్కిరి. ఆ మే నెలలో మిలాను నగరమున సేనాపతి బావా బెక్కారిస్ జనముమీద ఫిరంగులు ప్రయోగించెను. ప్రభుత్వము ఒప్పుకొన్న లెక్కప్రకారమే 80 మంది మరణించిరి. రాజు ఆ సేనాపతికి పతకము నిచ్చి గౌరవించెను. ఆ వెనుక పత్రికలవారిని, సామ్యవాదులను పట్టి చెరలో నుంచుట సాగెను. స్కలారీనియు సామ్యవాదియే. ఆయన కొంతకాలము స్వదేశము విడిచి ఆస్ట్రియా, జర్మనీ దేశములలో తలదాచుకొనవలసివచ్చెను.

తిరిగివచ్చిన పిమ్మట ఆయన జీవితమునకు కేంద్రమైనది 'అవాంతి' అను దినపత్రిక. ఆ మాటకు 'ముందుకు' అని యర్థము. అది సామ్యవాదుల పత్రిక. 1911లో అది రోమునుండి మిలానుకు తరలెను. ఆ సంవత్సరమే స్కలారీని అందు చిత్రములు వేయుటకు ఆరంభించెను. అప్పటినుండి 1926 వరకు ఆయన అందు గీచిన చిత్రములు సుమారు 3,700. వారమున కొకటి బొమ్మ వేయుటకే ఆపసోపాలు పడు మాబోటివారికి ఈ సంఖ్య నమ్మశక్యము గాకుండును.

ఆయన పనితనమును గూర్చి చిత్రలేఖన విద్యార్థులు తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. ఆనాటి వార్తాపత్రికలలో బొమ్మ అచ్చగుటకు ముందు జింకు బ్లాకు తయారు కావలెను. నల్లసిరాతో గీచిన బొమ్మను ఫొటో తీసి, ఆ రూపమును మందు పూసిన జింకురేకుపైకి దింపి, రేకును ఆమ్లమున ముంచెడివారు. గీత ఉన్నచోట లోహము నిలుచును; తెల్లగా నుండవలసినచోట ఆమ్లము తినివేయును. ఈ పద్ధతిలో నలుపు కలదు, తెలుపు కలదు. నడుమ బూడిదవన్నెకు తావు లేదు. ముతక కాగితముపై వడిగా తిరుగు యంత్రములో సన్నని గీతలు అలుకుకొనిపోవును. స్కలారీని ఈ లోపమునే బలముగా మార్చుకొనెను. కొద్ది గీతలు, దట్టమైన నలుపు, ఒకే భావము. డబ్బుసంచి, పుర్రె, చంకకఱ్ఱ, బాయినెట్టు, సమాధిశిలువ: ఇవియే ఆయన అక్షరములు. 1911 నాటికి ఇటలీలో నూటికి దాదాపు 40 మందికి చదువు రాదు. ఇతరులచేత పత్రిక చదివించుకొను కూలివానికి సయితము ఆ బొమ్మ స్వయముగా అర్థమయ్యెడిది.

ఆయన పత్రికలో చేరిన సంవత్సరముననే ఇటలీ లిబియాకొరకు తురుష్క సామ్రాజ్యముపై యుద్ధము ప్రకటించెను. స్కలారీని ఆ యుద్ధమును ఎదిరించి బొమ్మలు గీచెను. 1914లో ఐరోపా మహాసంగ్రామము ఆరంభమైనప్పుడు ఒక వింత జరిగెను. 1912 డిసెంబరునుండి 'అవాంతి'కి సంపాదకుడుగా నున్నవాడు బెనీతో ముస్సోలినీ. మొదట యుద్ధము కూడదని వ్రాసిన ఆయనయే 1914 అక్టోబరులో మాట మార్చి, పదవి వీడి, నవంబరులో యుద్ధమునకు అనుకూలముగా వేరు పత్రిక పెట్టెను. సంపాదకుడు పోయెను, చిత్రకారుడు పోలేదు. నిన్నటివరకు ఏ మాట చెప్పుచుండెనో ఆ మాటనే మరునాడును గీచెను. 1915 మే నెలలో ఇటలీ యుద్ధమున దిగెను. యుద్ధము ముగియునప్పటికి ఆ దేశపు సైనికులు సుమారు 6 లక్షలమంది మడిసిరి. యుద్ధపు గుత్తలలో ధనము దండుకొన్నవారిని ఇటలీ ప్రజలు 'సొరచేపలు' అని పిలిచెడివారు. ఆ సొరచేపలకు స్కలారీని కలము గాలమయ్యెను. 'అవాంతి' ఆ యేండ్లలో సర్కారువారి కత్తెరకు గురియై, తొలగించిన వార్తలచోట తెల్లని ఖాళీలతో వెలువడెడిది. ఆ కత్తెర ఆయన బొమ్మలను సయితము విడువలేదు.

యుద్ధానంతరము ముస్సోలినీ అనుచరులు నల్లచొక్కాలు తొడిగి వీధులలో లాఠీల పాలన సాగించిరి. 1919 ఏప్రిల్‌లో వారు మిలానులోని 'అవాంతి' కార్యాలయమును తగులబెట్టిరి. 1922లో ముస్సోలినీ ప్రధానమంత్రి యయ్యెను. 1924 జూన్‌లో, శాసనసభలో ఆయనను నిలదీసిన జాకొమో మత్తెయొత్తి అను సభ్యుని పట్టపగలు ఎత్తుకొనిపోయి చంపిరి. ఇంత జరుగుచున్నను స్కలారీని బొమ్మలు ఆగలేదు. మూలనున్న నిచ్చెనయు ఆగలేదు. గురి యెవరో తెలియుచునే యుండెను. గీచినదెవరో అంతకంటె బాగుగా తెలియుచుండెను.

ఫలితము 1926లో వచ్చెను. కొందరు ఆయనపై పడి తీవ్రముగా గాయపరచిరి. ఆ సంవత్సరము నవంబరులో వచ్చిన ప్రత్యేక శాసనములతో ప్రతిపక్షపు పత్రికలన్నియు మూతబడినవి. స్కలారీనిని దీవులకు పంపిరి. మొదట లాంపెడూసా, అది సిసిలీకంటె ఆఫ్రికా తీరమునకే చేరువైన చిన్న దీవి. పిమ్మట ఉస్తికా, అది పలెర్మో నగరమునకు ఉత్తరమున నున్న అగ్నిపర్వతపు దీవి. ఏబదియేండ్లు దాటిన మనిషి భార్యాబిడ్డలను మిలానులో విడిచి సముద్రము నడుమ కావలివాండ్ర ఎదుట కాలము గడపెను. ఆ దినములను గూర్చి ఆయన వ్రాసికొన్నది 'నా దీవులు' అను పేర ఆయన గతించిన చాలకాలమునకు, 1992లో, గ్రంథముగా వెలువడెను.

దీవులనుండి విడిచిన తరువాత విధించిన శిక్ష మాకు మరింత విచిత్రముగా తోచును. ఆయనపై పోలీసుల కన్ను ఉండెను. అంతేకాక, ఆయన ఏ బొమ్మక్రిందను తన పేరు పెట్టరాదు. బ్రతుకుటకు పిల్లల పత్రికలలోను పుస్తకములలోను బొమ్మలు వేసెను. అవి పేరు లేకయే అచ్చయ్యెడివి. 1933లో పిల్లలకొరకు ఆయన కూర్చిన సాహసకథ యొకటి కుమార్తె వర్జీనియా పేర వెలువడెను. ఆలోచింపుడు! ఒక ప్రభుత్వమునకు సైన్యమున్నది, చెరసాలలున్నవి, సముద్రమున దీవులున్నవి. ఐనను పిల్లల బొమ్మక్రింద నొక చిన్న నిచ్చెన కనబడునేమోయని దానికి భయము. 1940లో ఇటలీ మరల యుద్ధమున దిగగానే, వృద్ధుడైన ఆయనను అబ్రుజ్జీ ప్రాంతమున తిరిగి నిర్బంధించిరి. ఆ ప్రభుత్వము కూలిన పిమ్మటనే ఆయన పేరు మరల బొమ్మలక్రిందికి వచ్చెను. 1948 డిసెంబరులో ఆయన మిలానులో కన్నుమూసెను.

ఈ కథ తెలిసిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చొక్కా బొమ్మయే కన్నులయెదుట నిలిచెను. ఆ బొమ్మలో పనితనము లేకపోలేదు. నేటికిని మేము దానిని చెడుబొమ్మ యనలేము. స్కలారీని గీచినదియు నవ్వుబొమ్మయే, మేము గీచినదియు నవ్వుబొమ్మయే. మరి భేదమెక్కడ నున్నది?

చాలదినములు తలపోసి రెండు భేదములు కనుగొంటిమి. మొదటిది దిక్కు. నిచ్చెన పైకెక్కుటకును పనికివచ్చును, క్రిందికి దిగుటకును పనికివచ్చును. స్కలారీని తన నిచ్చెనను సేనాపతుల మేడలకు, సొరచేపల ఖజానాలకు, ప్రధానమంత్రి పీఠమునకు ఆనించెను. మేము మా నిచ్చెనను ఒక్క చొక్కా గల బాలుని తలపై ఆనించి దిగితిమి. రెండవది సంతకము. ఆయన పేరు పెట్టి గీచెను. పెట్టరాదని దండించువరకు పెట్టుచునే యుండెను. ఆయన బొమ్మకు గురియైనవారు బదులు చెప్పగలరు. చెప్పిరి కూడ, లాఠీలతోను దీవులతోను. మా బొమ్మకు గురియైనవాడు బదులుగా చేయగలిగినది చెరువుగట్టున కూర్చుండుట మాత్రమే. మమ్ము ఎవ్వరును దండింపకుండగనే మేము మా పేరు దాచితిమి.

ఇంత చెప్పి స్కలారీనిని దోషమెరుగని మహాత్మునిగా చూపుట మా ఉద్దేశము కాదు. ఆయన బొమ్మలలో ధనవంతుడు లావుపాటి మనిషి, కూలివాడు ఎముకల గూడు. లోకమున సన్నని ధనవంతులును, దయగల ధనవంతులును ఉందురు. నలుపుతెలుపుల బ్లాకులో బూడిదవన్నె లేనట్లే, ఆయన తీర్పులలోను అది కొరవడెనని కొందరు అనవచ్చును. ఆ మాటను మేము కొట్టివేయము. కాని తాను పొరబడినచో పొరబాటు ఎవరిదో లోకమునకు తెలియునట్లు ఆయన గీచెను. మేము పొరబడినప్పుడు పొరబాటునకు యజమాని లేకుండ చేసితిమి.

ఇప్పుడు నల్లబల్ల దగ్గరకు వత్తము. ఆ సోమవారము మా చేయి ఎందుకు నిలిచిపోయెనో మిత్రులకు ఇప్పటికి బోధపడియుండును. తరగతి గదిలో బెత్తమున్నవారము మేము, మార్కులు వేయువారము మేము. ఆ బొమ్మ గీచిన పిల్లవాడు నిచ్చెనను పైకే ఆనించెను. దానిని తుడిచివేయుటకు మాకు మనసొప్పలేదు. ఐతే గంట కొట్టినప్పుడు మేము తరగతితో ఇట్లంటిమి: "బొమ్మ బాగున్నది. గొడుగు కమ్మి వంకర సరిగా పట్టిరి. ముక్కు విషయమున మాకు అభ్యంతరము లేదు. అద్దము ఇదివరకే చెప్పినది. కాని యిందులో ఒకటి లోపించినది. అదేమో మీరే కనుగొనుడు." అని సుద్దముక్కను బల్ల అంచున నుంచి వెలుపలికి వచ్చితిమి.

మరునాడు వెళ్లునప్పటికి బొమ్మ అట్లే యున్నది. గొడుగు కొనక్రింద, కనబడీ కనబడనంత చిన్న అక్షరములతో ఒక పేరు వ్రాయబడియుండెను. ఆ పేరిటి బాలుడు లేచి నిలుచుండి, "తప్పైనదండీ, మాస్టారూ" అనెను. గొంతు వణకుచుండెను.

"పేరు పెట్టినవాడవు తప్పని యెందు కనుచున్నావు? కూర్చుండుము," అంటిమి. తరువాత ఆ గంట అంతయు పాఠము చెప్పలేదు. నిచ్చెనతో సంతకము చేసిన చిత్రకారుని కథ చెప్పితిమి. ఆ పిమ్మట, ఇన్నేండ్లలో ఎవ్వరికిని చెప్పని చొక్కా కథను కూడ చెప్పితిమి. పిల్లలు నవ్వలేదు. వెనుకబల్ల బాలుడొకడు మాత్రము, "ఆయనకు మీరు ఎప్పుడైన చెప్పితిరా, మాస్టారూ, ఆ బొమ్మ మీరే వేసితిరని?" అని యడిగెను.

చెప్పలేదంటిమి. చెప్పుటకు ఒక యేడాది గడువుండెను. ఒకే బల్లమీద, మోచేయి మోచేయి తగులుచుండగా. అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు ఆయన ఎచ్చట నున్నారో మాకు తెలియదు.

విద్యార్థులారా, మీలో చేతివాటము గలవారు పెక్కుమంది యున్నారు. నవ్వించు బొమ్మలు వేయవలదని మేము మీకు చెప్పము. వేయుడు. కాని గీత గీయుటకు ముందు నిచ్చెన ఎవరిమీద ఆనుచున్నదో చూచుకొనుడు. గీచిన పిమ్మట మీ పేరు పెట్టుడు. పేరు పెట్టుటకు చేయి వెనుదీసినచో కాగితమును మడిచి జేబులో నుంచుకొనుడు. రెండవనాడు దానిని మరల చూడుడు.

ఇన్నాళ్లకు మేమును ఒక చిత్రము క్రింద పేరు పెట్టుచున్నాము. మోకాళ్లవరకు దిగిన ఆ చొక్కా బొమ్మ వేసినది మేమే. ఈ సంచిక ఏ దారినైన ఆయన చేతికి చేరునేని, ఈ మాటలు ఆయనకు.